‘నగరు’ నుండి ‘నగర్’ వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో ఇరువదియైదు సంవత్సరముల పాటు గ్రంథాలయము తలుపు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. దానిని గూర్చి నాకు ముందు మాటాడిన పెద్దలు చెప్పియున్నారు. నాకు కార్యవర్గమువారు అప్పగించిన పని వేరు. భాషను గూర్చి ఏదైన చెప్పవలెననియు, అయితే అది అందరికిని తెలిసిన మాటను గూర్చియే కావలెననియు వారు కోరినారు. అందువలన మనము దినమునకు పదిసార్లు పలుకు మాట నొకదానిని ఎన్నుకొంటిని. ఈ ఊరినుండి పట్నమునకు బస్సెక్కిన ప్రతివాడును కండక్టరుతో మొదట చెప్పు మాట అదియే. హయత్‌నగర్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ - ఎక్కడికి టిక్కెట్టు తీసికొన్నను చివర ‘నగర్’ తప్పదు. త్రోవ తప్పి సరూర్‌నగరుకు పోయినను అంతే.

ముందు ఈ పేర్లనే కొంచెము విప్పి చూతము. దిల్‌సుఖ్‌నగరు స్థలమంతయు ఒకప్పుడు మలక్‌పేట జాగీరులోని సాగుభూమి. దిల్‌సుఖ్ రాం పర్షాదు అను భూస్వామి ఆ పొలములను ఇండ్ల స్థలములుగా మార్చి అమ్మినందున ఆయన పేరు దానికి నిలిచినదని చెప్పుదురు. ‘దిల్’ పారసీక పదము, హృదయమని అర్థము. సంస్కృతములోని ‘హృత్’ అను మాటయు, పారసీకములోని ‘దిల్’ అను మాటయు మూలమున ఒకే తల్లి బిడ్డలు. ‘సుఖ్’ అనునది సంస్కృతపు ‘సుఖము’. ఈ ‘సుఖము’ను గూర్చి బండి తోలినవారు తెలిసికొనవలసిన విశేషమొకటి కలదు. ఋగ్వేదమున ఇది రథమునకు విశేషణముగా వచ్చును. ‘ఖ’ అనగా రంధ్రము, ఇరుసు దూరు రంధ్రము. అది చక్కగా నున్న రథము ‘సుఖ’ రథము. కుదుపు లేక పోవునది. ఇరుసు సరిగా కుదిరిన బండిలో కూర్చుండుటయే మనుష్యుని మొదటి సుఖమని మన పూర్వుల మాట చెప్పుచున్నది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగరు కూడలిలో సాయంకాలము ఆరుగంటలకు బస్సులో నిలుచున్నవానికి ఈ వ్యుత్పత్తి చెప్పిన నమ్మకపోవచ్చును.

ఎల్.బి.నగర్ అనునది లాల్ బహదూరు నగరు. 1966 జనవరి 11వ తేదీన తాష్కెంటులో మరణించిన ప్రధాని లాల్ బహదూరు శాస్త్రిగారి పేరు దానికి పెట్టినారు. నేటి పిల్లలలో ఎల్., బి. అను రెండక్షరముల వెనుక ఎవరున్నారో చెప్పగలవారు అరుదు. ఉత్తరాదివారి పేర్లలో ‘లాల్’ అనగా ముద్దుబిడ్డ. ఎఱుపు అను అర్థము గల ‘లాల్’ కూడ ఒకటి యున్నది. ‘బహదూరు’ మాత్రము చాల దూరమునుండి వచ్చినది. మంగోలులు వీరుని ‘బాతర్’ అందురు. పూర్వము ‘బగాతుర్’ అనెడివారు. చెంగిజుఖానుని తండ్రికి ఈ బిరుదు కలదు. అది పారసీకము మీదుగా మనకు వచ్చి బహదూరు అయినది. పడమరగా పోయి రష్యావారి వీరగాథలలో ‘బగతీర్’ అయినది. మంగోలియా రాజధానికి 1924లో ఉలాన్ బాతర్ అని పేరు పెట్టినారు. ఎఱ్ఱని వీరుడని దాని యర్థము. ‘లాల్’కు ఎఱుపను అర్థమునే తీసికొన్నచో ఆ రాజధానికిని మన ఎల్.బి.నగరుకును పేరు ఒక్కటే యగును! శాస్త్రిగారి తల్లిదండ్రులు ఆ యర్థముతో పెట్టలేదనుట నిశ్చయము. అయినను మాటలు ఎక్కడెక్కడ తిరిగి ఎవరి యింట దిగునో చూచుటకు ఇది చెప్పితిని.

హయత్‌నగరులోని ‘హయాత్’ అరబ్బీ పదము, జీవమని యర్థము. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె హయాత్ బక్షీ బేగము పేర ఆ ఊరు వెలసినది. సరూర్‌నగరులోని ‘సురూర్’ కూడ అరబ్బీయే, ఆనందమని అర్థము. ఇట్లు ఆ రోడ్డు పొడవునను జీవము, వీరము, హృదయసుఖము, ఆనందము వరుసగా నున్నవి. భాషలు మారినవి గాని తోక మారలేదు. ఆ తోకయే నేటి నా విషయము.

నగరమనగా పెద్ద పట్టణమని మీరందురు. నేడు అంతే. కాని ప్రాచీనమైన తెలుగులో ‘నగరు’ అన్నప్పుడు చెప్పువాని మనస్సులో పట్టణము లేదు, రాజుగారి యిల్లున్నది. నగరికి పోవుట యనగా కోటలోని రాజమందిరమునకు పోవుట. నగరివారనగా పట్టణవాసులు కారు, రాజమందిరమునకు సంబంధించినవారు. తమిళులు ఇంకను లోపలికి పోయిరి. వారి ప్రాచీన గ్రంథములలో ‘నకర్’ అను మాటకు ఇల్లు, మేడ, రాజభవనము, దేవాలయము, పట్టణము - ఇన్ని అర్థములున్నవి. చోళరాజుల కాలమున తమిళదేశమునందు ‘నగరము’ అనగా వర్తకులు కాపురముండు ఊరును, ఆ వర్తకుల సభయును. సేద్యగాండ్రది ‘ఊర్’, బ్రాహ్మణులది ‘సభ’, వర్తకులది ‘నగరము’. చెట్టినాటి వర్తకులు నేటికిని తమ్ము ‘నగరత్తార్’ అని చెప్పుకొందురు. మన కాకతీయుల కాలపు శాసనములలో ‘నకరము’ అను మాట కనబడినప్పుడు చదువరులు పట్టణమని భ్రమపడుదురు. అక్కడ దానికి వర్తకసంఘమని అర్థము.

సంస్కృత పండితులు ఈ మాటకు చెప్పు వ్యుత్పత్తి వేరు. కదలనిది ‘నగము’, అనగా పర్వతము, వృక్షము. నగములు కలది నగరము. పాణిని సూత్రముపై గల వార్తికములో ఈ రూపసిద్ధి చూపినారు. వ్యాకరణమునకు లోటు లేదు గాని, కొండలును చెట్లును ఉన్నచోటు అడవి యగును గాని పట్టణమెట్లగునని ఎవడైన అడిగినచో సమాధానము కష్టము. ఋగ్వేదమున ‘పురము’ ఉన్నది, ‘గ్రామము’ ఉన్నది, ‘నగరము’ లేదు. వేదవాఙ్మయపు చివరి భాగములలో, ఆరణ్యకములలో గాని అది తల చూపదు. అందుచేత కొందరు భాషావేత్తలు ఇది దక్షిణదేశపు భాషలనుండి సంస్కృతమునకు పోయినదని తలంచిరి. మరికొందరు ఒప్పుకొనరు. నాకు మొదటి పక్షమే బలముగా తోచుచున్నది. ఇంటి పేరు ఊరికి ప్రాకుట లోకమున తరచు చూతుము. ఊరి పేరు ఇంటికి దిగుట అరుదు. లాటిను భాషలో ‘విల్లా’ యనగా పొలము నడుమ నుండు ఇల్లు. అదియే ఫ్రెంచివారి నోట ‘వీల్’ అయి పట్టణమునకు పేరైనది. ‘నగరు’ కూడ అట్లే ఇంటినుండి మేడకును, మేడనుండి కోటకును, కోటనుండి దాని చుట్టు పెరిగిన ఊరికిని వ్యాపించియుండును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ధ్వని కలిసినంత మాత్రమున బంధుత్వము కలిగినదని తలంపరాదు. నగారా మ్రోగినప్పుడు అది నగరములోని వాద్యమని అనుకొనువారు కలరు. అది అరబ్బీ ‘నక్కారా’, కొట్టుట యను ధాతువునుండి వచ్చినది. ఎల్.బి.నగరునుండి చీలిపోవు సాగరు రోడ్డు పేరిటి నాగార్జునునకును నగరమునకును సంబంధము లేదు. ఆయనది దీర్ఘముగల ‘నాగ’, పాము. నగలున్నవారు కాపురముండునది నగరమని మా బడిలో ఒక పిల్లవాడు వ్రాసినాడు. వానికి మార్కులు వేయలేదు గాని వాని తెలివికి మెచ్చుకొంటిని.

మన దేశము దాటి ఈ మాట చేసిన ప్రయాణము ఇంకను విచిత్రమైనది. క్రీస్తుశకపు తొలి శతాబ్దములనుండి మన తీరములనుండి వర్తకులును, బ్రాహ్మణులును, బౌద్ధ భిక్షువులును తూర్పు సముద్రము దాటి పోయినారు. సరకులతో పాటు మాటలును దిగినవి. కాంబోడియావారు నగరమును ‘నొకొర్’ అనిరి. దానినుండియే ‘అంకోర్’ అను పేరు వచ్చినది. పండ్రెండవ శతాబ్దమున సూర్యవర్మ మహారాజు కట్టించిన ఆ జగత్ప్రసిద్ధమైన దేవాలయము, అంకోర్ వాట్, అనగా నగరదేవాలయము. సయాము దేశమువారు ‘నకోన్’ అందురు. అక్కడ నకోన్ పథోమ్ అను ఊరున్నది; అది ‘నగర ప్రథమ’, మొదటి నగరము. నకోన్ సీ తమ్మరాత్ అను ఇంకొక ఊరున్నది. విడదీసి చదివినచో ‘నగర శ్రీ ధర్మరాజ’. బాంకాకు పట్టణమును ఆ దేశస్థులు తమ భాషలో క్రుంగ్ తేప్ మహానకోన్ అందురు. 2007లో ఎల్.బి.నగర్ పురపాలక సంఘము మొదలైనవానిని హైదరాబాదుతో కలిపి ఏర్పరచిన సంస్థకు మనవారు పెట్టుకొన్న పేరులోను ‘మహానగరము’ ఉన్నది. రెండును ఒక్క మాటయే.

ఇండోనీషియాకు పోవునప్పటికి అర్థము పెరిగినది. అక్కడ ‘నెగర’ యనగా దేశము, రాజ్యము. జావాలో 1365లో ప్రపంచుడను కవి రచించిన రాజచరిత్ర కావ్యమునకు ‘నాగరకృతాగమము’ అను పేరు ప్రసిద్ధము. మలయావారి ‘నెగెరి’ యనగా రాష్ట్రము; నెగెరి సెంబిలన్ అనగా తొమ్మిది రాష్ట్రములు. మలేషియా జాతీయగీతము పేరు ‘నెగరాకు’, అనగా నా దేశము. వెనుకటి తరములలో మన తెలుగువారు ఎందరో మలయా రబ్బరు తోటలకు కూలికి పోయినారు. వారి మనుమలు నేడు బడిలో నిలుచుండి పాడు పాటలో మొదటి మాట తాతలనాటి ‘నగరు’ అని ఎరుగుదురో లేదో!

ఇక ఈ పందిటిలో ముఖ్యముగా చెప్పదలచినది వినుడు. సుమాత్రాదీవి పశ్చిమభాగమున మినంగ్‌కబావు అను జాతివారు ఉన్నారు. వారిలో ‘నగరి’ యనగా గ్రామము. వరిపొలములు, పశువులు, ఊరి పెద్దల సభ, అన్నియు గల గ్రామము. ఒకచోట ఇల్లు, ఒకచోట రాజమందిరము, ఒకచోట బజారు, ఒకచోట పట్టణము, ఒకచోట దేశము అయిన మాట అక్కడ పల్లె అయినది. కావున ఈ మాటలో పుట్టుకతో వచ్చిన పట్టణపు గర్వమేదియు లేదు. ఆ గర్వము మనము తరువాత తగిలించినది.

ఎట్లు తగిలించితిమో చూడుడు. నగరమున ఉండువాడు నాగరికుడు. వాని తీరు నాగరికత. గ్రామమున ఉండునది గ్రామ్యము. ఆ మాటకు నిఘంటువు తెరచి చూచిన మొరటు, అసభ్యము అను అర్థములు కనబడును. మన ఇరుగుపొరుగు ఉర్దూవారు ఊరివానిని ‘గఁవార్’ అందురు. ‘గాఁవ్’ అనగా గ్రామమే, కాని ఆ పిలుపు తిట్టు. అరబ్బీలో ‘మదీనా’ యనగా పట్టణము, దానినుండి ‘తమద్దున్’ - నాగరికత. ఐరోపావారును ఇంతే. లాటినులో పౌరుని పేరునుండి ‘సివిలిజేషన్’ వచ్చినది. సినిమాలలో హీరోను బాధపెట్టు ‘విలన్’ ఎవరనుకొన్నారు? ఇందాక చెప్పిన ‘విల్లా’లో, అనగా పొలములో, పని చేయు పాలేరు. ఫ్రాన్సులో దొరలు ఆ మాటను పనివానికి వాడి వాడి, కడకు దుర్మార్గునికి పేరు చేసిరి. నాగలి పట్టినవాడు దుర్మార్గుడెట్లయ్యెను? నిఘంటువులు వ్రాసినవారు పొలమున లేకపోవుటచేత అని నా సమాధానము.

ఇది మాటల వినోదము మాత్రము కాదు. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి వాదమును ఎదిరిపక్షమువారు ‘గ్రామ్యవాద’మని పేరు పెట్టి త్రోసివేయజూచిరి. ఒక్క మాటతో పని తీరునని వారి యాశ. ఊరివారి నోట ఉన్నది గనుక హీనమని అనినచో ఇక తర్కమక్కరలేదు గదా! (నేను పుస్తకపు భాష పలుకుచు పంతులుగారిని పొగడుట కొందరికి నవ్వు పుట్టించుచున్నట్లున్నది. నవ్వుడు.) నేటికిని ఈ ఊరి పిల్ల దిల్‌సుఖ్‌నగరు కోచింగుకు పోయి మొదటిదినమున నోరు మూసికొని కూర్చుండుటకు కారణమేమి? పాఠము తెలియక కాదు. మన ఇండ్లలో పలుకు ‘చెలక’, ‘గెట్టు’ వంటి మాట పొరపాటున నోట వచ్చునేమోయని. ఆ భయమును ఆ పిల్లకు కలిగించినది నగరము కాదు, ‘నాగరిక’మను మాటకు మనమిచ్చిన అర్థము.

ఆ మాటకు వేరొక అర్థముండెడిది. తిరుక్కురళునందు దాక్షిణ్యమును గూర్చిన అధ్యాయము చివర అది వచ్చును. ఆత్మీయులు విషము పోయుచుండగా చూచియు, వారి మనస్సు నొప్పింపక త్రాగి యోర్చుకొనుట నాగరికము కోరువారి లక్షణమని దాని భావము. అక్కడ నాగరికమునకు ఎత్తైన మేడలతో పనిలేదు. ఎదుటివానిపై కనికరముతో చూచు చూపే నాగరికము. ఇంకొక దిక్కున వాత్స్యాయనుడు నాగరకుని దినచర్యను వర్ణించినాడు: అభ్యంగనము, తాంబూలము, చిలుకలకు మాటలు నేర్పుట, కోడిపందెములు చూచుట. ఈ లెక్కన సంక్రాంతినాడు కోస్తా పల్లెలన్నియు పరమ నాగరికములే. సంస్కృతములో శొంఠికి కూడ ‘నాగరము’ అని పేరున్నది. ఏ వంటింట శొంఠికొమ్మున్నదో ఆ యిల్లు నాగరికమని ఎవరైన వాదించిన నేను అడ్డు చెప్పను.

‘గ్రామము’ మాటకును ఒక గౌరవము కలదు. వేదకాలమున అది కదలని ఊరు కాదు. పశువులతో, బండ్లతో కలిసి నడచు జనసమూహము. రెండు గ్రామములు ఎదురుపడి తలపడిన ‘సంగ్రామము’. ఇక ‘ఆబాదు’ మాట చూడుడు. పారసీకములో జనముతో, సాగుతో కళకళలాడు చోటని దాని యర్థము. ఊరిలో ఇండ్లున్న స్థలమును మన రెవెన్యూ లెక్కలలో ‘ఆబాది’ అందురు, మీకందరికిని తెలిసినదే. కోటిమంది ఉన్న హైదరాబాదు పేరు చివర నున్నది, మన పటేలు పట్వారీల దస్తరములోని ఆబాదియే.

ఇప్పుడు సంగతి దగ్గరకు వచ్చినది. 2018 సెప్టెంబరునుండి మెట్రో రైలు ఎల్.బి.నగరు వరకు వచ్చుచున్నది. అక్కడి స్తంభములపై నుండి క్రిందికి చూచినచో కొత్తపేట, నాగోలు, గడ్డిఅన్నారము, కర్మన్‌ఘాటు - ఇవి ఒకప్పటి ఊళ్లని చెప్పుటకు పేర్లు తప్ప మిగిలినదేమియు అంతగా కానరాదు. కాని ఆ పేర్లు మిగిలినవి. మనవారు ఏండ్లతరబడి బత్తాయిలు, మామిడికాయలు తోలిన పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉండగనే దానికి గడ్డిఅన్నారము పేరు. 2021లో అది బాటసింగారమునకు తరలినను రైతుల నోట ఆ పేరు పోలేదు. ఊరి పేరు గట్టిది. పోవునవి ఊరి లోపలి పేర్లు. దిల్‌సుఖ్‌నగరు కాకముందు ఆ పొలములలో ప్రతి చెలకకును, ప్రతి మడికిని, ప్రతి బావికిని ఒక పేరుండియుండును. దున్నినవారు పిలిచినారు, దున్నుట ఆగిన దినమున పిలుచుట కూడ ఆగినది. వానిలో ఒక్కటైనను నేడు చెప్పగలవారు నాకు ఇంతవరకు కనబడలేదు.

మన ఊరి చుట్టును వెంచర్ల బోర్డులు లేచినవి. వానిపై నగర్ అనియు, ఎన్‌క్లేవ్ అనియు వ్రాసియున్నది. అమ్మినవారిని నేను తప్పుపట్టను. ఎవరి అవసరములు వారివి, కూతురి పెండ్లికి అమ్మినవాడును ఉన్నాడు, కొడుకు చదువుకు అమ్మినవాడును ఉన్నాడు. బోర్డు పెట్టినవారికి నగర్ అను మాటపై హక్కు లేదనియు అనను. ఆ మాట ఎన్ని యిండ్లలో దిగినదో ఇంతసేపు చెప్పితిని. కాని పాత పేరు ఎక్కడను వ్రాసియుండకుండ క్రొత్త పేరు వచ్చుట వేరు, పాత పేరు ప్రక్కన వచ్చుట వేరు.

అందుచేత కార్యవర్గమువారికి ఒక మనవి. గ్రంథాలయమునకు ఎన్నో పుస్తకములు వచ్చినవి. ఇక్కడ వ్రాయబడిన పుస్తకము ఒకటియైన ఉండవలెను. ఒక పెద్ద రిజిస్టరు కొని, సర్వే నంబరు ఎదుట ఆ చెలక పేరు, గెట్టు మీది చెట్టు పేరు, కుంట పేరు, ఎందుకు ఆ పేరు వచ్చినదో ముసలివారు చెప్పిన మాట, చెప్పినవారి నోటి పలుకుబడిలోనే, దిద్దకుండ వ్రాయించుడు. సెలవులలో ఇంటర్మీడియటు పిల్లలు ఇద్దరు చాలుదురు. ముందు వరుసలో కూర్చున్న అవ్వలు ఇందాకటినుండి తమలో తాము ఏదో మాటాడుకొనుచున్నారు. నా ఉపన్యాసమును గూర్చి కాకపోవచ్చును గాని, చెరువు క్రింది మడుల పేర్లు వారికి తెలిసినంతగా ఈ ఊరిలో ఎవరికిని తెలియవు. రిజిస్టరు మొదటి పుట వారితోనే మొదలుపెట్టవచ్చును. కలము, కాగితము ఖర్చు నేను ఇచ్చెదను.